చలి దేశంలో మొదటి శీతాకాలం: సైకిల్‌ను మూలన పెట్టేయకండి

ఆగస్టులోనో సెప్టెంబరులోనో చదువు కోసం, ఉద్యోగం కోసం చలి దేశానికి వచ్చినవాళ్లలో చాలామంది మొదటి నెలలోనే ఒక పాత సైకిల్ కొనుక్కుంటారు. రెండు నెలలు హాయిగా తిరుగుతారు. నవంబరులో ఒక పొద్దున సీటు మీద తెల్లటి మంచు పొర కనిపిస్తుంది. ఆ రోజే సైకిల్ బేస్‌మెంట్‌లోకి వెళ్తుంది, మళ్లీ ఏప్రిల్ దాకా బయటికి రాదు. నేను కూడా మొదటి ఏడాది అలాగే చేశాను. ఆ ఐదు నెలలు ఊరిని బస్సు కిటికీలోంచే చూశాను. ఆఫీసు బయట నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒక్కరు కూడా లేరు. రెండో ఏడాది ఒక సహోద్యోగి పట్టుబట్టి, టీమ్‌గా సైకిల్ తొక్కి పాయింట్లు తెచ్చుకునే చలికాలపు సైకిల్ ఛాలెంజ్‌లో నా పేరు రాయించారు. ఆ ఊళ్లో నాకు మనుషులు దొరికింది ఆ జనవరిలోనే. కొత్తగా వచ్చినవాళ్లకు అదే జరగాలని నా కోరిక, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు చలి గురించిన భయం పోవాలి. ఫిన్లాండ్‌లో ఔలు అనే నగరం ఆర్కిటిక్ వృత్తానికి సుమారు 170 కిలోమీటర్ల దక్షిణాన ఉంటుంది. అక్కడ పిల్లలు నడి చలికాలంలో కూడా సైకిల్ మీద బడికి వెళ్తారు. శీతాకాలపు సైక్లింగ్ మీద మొదటి అంతర్జాతీయ సదస్సు 2013లో జరిగింది అక్కడే. చలిని తట్టుకునే ప్రత్యేకమైన శరీరాలేమీ వాళ్లకు లేవు. సైకిల్ దారుల మీద మంచును ఊరివాళ్లు నిద్ర లేచేలోపే చదును చేసేస్తారు, అంతే.

కాబట్టి మీ ఊళ్లో ముందు కనుక్కోవాల్సింది ఏ దారిని ఎప్పుడు శుభ్రం చేస్తారన్నది. చాలా నగరపాలక సంస్థలు స్నో తీసే క్రమాన్ని వెబ్‌సైట్‌లో మ్యాపుగా పెడతాయి. వేసవిలో పార్కు మధ్యలోంచి వెళ్లిన దగ్గరి దారి జనవరిలో మోకాలి లోతు మంచులో ఉండొచ్చు. ఒక కిలోమీటరు ఎక్కువైనా శుభ్రం చేసిన దారే మంచిది. ఒక ఆదివారం తీరిగ్గా ఆ దారిలో వెళ్లి రండి. సోమవారం ఆఫీసు టైముకు చేరాలన్న టెన్షన్‌లో కొత్త దారి వెతకొద్దు.

ఇంకో మాట, ఇది చలితో సంబంధం లేనిది. ఎడమవైపు నడిపే దేశం నుంచి కుడివైపు నడిపే దేశానికి వచ్చినవాళ్లకు, కూడలి దాటేటప్పుడు తల ముందు తప్పు వైపుకే తిరుగుతుంది. నెలలు గడిచినా అలసిపోయిన సాయంత్రాల్లో ఆ పాత అలవాటు బయటికొస్తుంది. మొదటి శీతాకాలం మొత్తం ప్రతి కూడలిలో రెండు వైపులా రెండుసార్లు చూడండి.

కాలు జారేది ఎక్కడ

మంచు అంతా ఒకటి కాదు. కొత్తగా పడిన పొడి స్నో మీద నెమ్మదిగా వెళ్తే పెద్ద ఇబ్బంది ఉండదు. బాగా అణిగి గట్టిపడిన స్నో కూడా ఫర్వాలేదు. కష్టపెట్టేవి రెండు. పగలు కరిగి, కార్ల చక్రాల కింద నలిగి, రాత్రి మళ్లీ గడ్డకట్టిన చక్రాల గాడులు ఒకటి. ముందు చక్రం వాటిలో ఇరుక్కుంటే హ్యాండిల్ మన మాట వినదు. రెండోది బ్లాక్ ఐస్. అది రోడ్డు రంగులోనే ఉంటుంది, తడి అనుకుని వెళ్లిపోతాం.

చాలామందికి వింతగా అనిపించే విషయం ఏమిటంటే, మైనస్ 15 కంటే సున్నా డిగ్రీల చుట్టుపక్కల ఉండే రోజులే ఎక్కువ ప్రమాదం. సున్నా దగ్గర ఐస్ మీద సన్నటి నీటి పొర ఉంటుంది, పట్టు అక్కడే పోతుంది. బాగా చలిగా ఉన్నప్పుడు ఐస్ పొడిగా ఉండి కాస్త పట్టు దొరుకుతుంది. అందుకే పొద్దున ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు ఈ రోజు ఎంత చలి అన్నదానికంటే, నిన్న కరిగి రాత్రి గడ్డకట్టిందా అన్నది చూసుకోండి.

వంతెనలకు కింద నుంచి కూడా గాలి తగులుతుంది గనక మిగతా రోడ్డు కంటే ముందే గడ్డకడతాయి. ఎత్తయిన భవనాల నీడలో మధ్యాహ్నం దాకా ఐస్ కరగదు. ట్రామ్ పట్టాలు, మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీది తెల్ల గీతలు తడిసి ఉంటే చాలు, జారతాయి. పట్టాలను వీలైనంత అడ్డంగా, నేరుగా దాటాలి. నేను పడింది ఒక చిన్న వంతెన మీద. రోడ్డు పొడిగా ఉందనుకుని మలుపు తిరుగుతూ ముందు బ్రేకు నొక్కాను. సైకిల్ కింద నుంచి వెళ్లిపోయింది. మోచేయి మూడు వారాలు నొప్పి పెట్టింది. ఇప్పుడు ఆ వంతెన వచ్చేలోపే వేగం తగ్గించుకుంటాను.

ఐస్ మీదికి వచ్చేశామని తెలిసిన క్షణంలో చేయాల్సినవి మూడే. బ్రేకు వేయొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, గట్టిగా తొక్కొద్దు. నేరుగా సాగనివ్వండి. తప్పనిసరైతే వెనక బ్రేకు మెల్లగా వాడండి. వెనక చక్రం జారితే సర్దుకోవడానికి ఒక క్షణం దొరుకుతుంది. ముందు చక్రం జారితే ఆ క్షణం కూడా ఉండదు. సీటు ఒక అంగుళం కిందికి దించుకుంటే అవసరమైనప్పుడు కాలు నేలకు ఆనుతుంది.

డబ్బు ఒక్క వస్తువు మీదే పెట్టగలిగితే స్టడెడ్ టైర్ల మీద పెట్టండి. వీటి రబ్బరులో చిన్న చిన్న మేకులు ఉంటాయి, మంచి రకాల్లో మేకు కొన టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేస్తారు, తొందరగా అరగదు. ఒక్క టైరే కొనగలిగితే ముందు చక్రానికి వేయించుకోండి, కారణం పైన చెప్పిందే. వెడల్పు టైరు స్నోలో సాయపడుతుంది గానీ మేకులు లేకపోతే ఐస్ మీద అది కూడా జారుతుంది. కొత్త టైర్లతో మొదటి 40-50 కిలోమీటర్లు మామూలు రోడ్డు మీద నెమ్మదిగా వెళ్లాలి, అప్పుడే మేకులు రబ్బరులో గట్టిగా కూర్చుంటాయి. పొడి రోడ్డు మీద బాగా చప్పుడు చేస్తాయి, బరువుగా కూడా ఉంటాయి. రోజూ పట్టే సమయం కంటే కొన్ని నిమిషాలు ముందే బయలుదేరండి.

ఒంటి మీద ఏముండాలి

కొత్తవాళ్లు చేసే పొరపాటు ఎక్కువ తొడుక్కోవడం. గుమ్మం దగ్గర వెచ్చగా ఉంటే పది నిమిషాల్లో చెమట పడుతుంది, సిగ్నల్ దగ్గర ఆగగానే ఆ చెమటే వణికిస్తుంది. బయలుదేరేటప్పుడు కాస్త చలి వేయాలి, అదే సరైన కొలత. ఒంటికి ఆనే పొర కాటన్ వద్దు, చెమట పట్టి ఆరదు. ఉన్ని గానీ స్పోర్ట్స్ థర్మల్స్ గానీ వేసుకోండి. దాని మీద వెచ్చటిది ఒకటి, ఆపైన గాలి ఆపేది ఒకటి. ఒళ్లు అంతటితో సరిపోతుంది.

శ్రద్ధ పెట్టాల్సింది వేళ్ల మీద. మనం కదలడం వల్లే గాలి పుడుతుందని గుర్తుంచుకోండి. కెనడా, అమెరికా 2001 నుంచి వాడుతున్న లెక్క ప్రకారం, మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 20 కిలోమీటర్ల గాలి తగిలితే చర్మానికి మైనస్ 18లా ఉంటుంది. హ్యాండిల్ పట్టుకున్న చేతులు ఆ గాలిని నేరుగా ఎదుర్కొంటాయి. వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కంటే, వేళ్లన్నీ కలిసి ఉండే మిటెన్లు వెచ్చగా ఉంటాయి. ఇంకా చలి ఎక్కువైతే హ్యాండిల్‌కే తగిలించే పెద్ద తొడుగులు వస్తాయి, చేతులు అందులో దూర్చి బ్రేకులు పట్టుకోవచ్చు. రెండు జతల మేజోళ్లు వేసుకుని బూటు బిగుతైతే రక్తం సరిగా పారక పాదాలు ఇంకా చల్లబడతాయి. ఒక సైజు పెద్ద బూటు కొనుక్కోండి. హెల్మెట్ కింద పల్చటి టోపీ చాలు, మందపు టోపీ పెడితే హెల్మెట్ తల మీద నిలవదు. వేళ్లు తెల్లబడి స్పర్శ తెలియకపోతే అది ఓర్చుకోవాల్సిన విషయం కాదు. దగ్గరున్న ఏ తలుపైనా తోసుకుని లోపలికి వెళ్లండి.

చీకటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఉత్తరాది ఊళ్లలో డిసెంబరులో సాయంత్రం నాలుగుకే పొద్దు పోతుంది. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు చాలా దేశాల్లో చట్టం. రెండూ రోజూ ఛార్జ్ చేయండి, చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. కార్లవాళ్లు అద్దం మీది మంచును సగమే గోకి బయలుదేరతారు, మనం వాళ్లకు కనిపిస్తున్నామని ఎప్పుడూ అనుకోవద్దు.

సైకిల్‌కు ఉప్పే శత్రువు

ఐస్ కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది చైన్‌ను తినేస్తుంది. ఇంటికి రాగానే పాత గుడ్డతో చైన్ తుడిచి, వారానికోసారి తడి వాతావరణానికి పనికొచ్చే నూనె వేస్తే చాలా కాలం వస్తుంది. రెండు చక్రాలకూ మడ్‌గార్డులు లేకపోతే ఆ ఉప్పునీళ్లు మీ వీపు మీదికి కూడా వస్తాయి. మంచి సైకిల్ ఉంటే దాన్ని దాచుకుని, చలికాలానికి ఒక పాతది వాడటం తెలివైన పని.

టైరులో గాలి చలికి తగ్గుతుంది. 20 డిగ్రీల వెచ్చటి గదిలో 60 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టిన టైరు మైనస్ 10 బయట 52కు వస్తుంది, పంచరేమో అని కంగారు పడొద్దు. తాళం గడ్డకడితే వేడినీళ్లు పోయొద్దు, ఆ నీళ్లే లోపల మళ్లీ గడ్డకడతాయి. ఎలక్ట్రిక్ సైకిల్ ఉన్నవాళ్లు బ్యాటరీని ఇంట్లోకి తెచ్చి, గది వేడికి వచ్చాకే ఛార్జింగ్ పెట్టాలి. సున్నా కంటే తక్కువలో ఛార్జ్ చేస్తే లిథియం బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది.

ఒంటరిగా కాకుండా టీమ్‌తో

ఇంతవరకూ చెప్పినవన్నీ ఎవరైనా నేర్చుకోవచ్చు. కానీ ఫిబ్రవరిలో, వరసగా పదో రోజు కూడా సూర్యుడు కనిపించని పొద్దున, దుప్పటి తీసి లేవాలంటే జ్ఞానం సరిపోదు. మన కోసం చూసేవాళ్లు ఉండాలి.

వాషింగ్టన్ డీసీ పరిసరాల్లో ఫ్రీజింగ్ శాడిల్స్ అని ఒక చలికాలపు ఛాలెంజ్ నడుస్తుంది. జనవరి 1న మొదలై చలికాలం ముగిసేదాకా ఉంటుంది. దాని పాయింట్ల పద్ధతి నాకు చాలా ఇష్టం. ఒక రోజులో కనీసం ఒక మైలు తొక్కితే 10 పాయింట్లు, దానికి తోడు తొక్కిన ప్రతి మైలుకూ ఒక పాయింటు. లెక్క వేసి చూడండి. ఆదివారం ఒక్కరోజే 50 మైళ్లు తొక్కిన బలమైన రైడర్‌కు వారానికి 60 పాయింట్లు. రోజుకు రెండు మైళ్లు మాత్రమే, కానీ ఏడు రోజులూ తొక్కిన కొత్త మనిషికి 84. నిన్న మొన్న ఊళ్లోకి వచ్చి, దగ్గరి షాపు దాకా వెళ్లి వచ్చే మనిషి కూడా టీమ్‌కు బలమే. మీ ఊళ్లో ఏ ఛాలెంజ్‌లో చేరాలో తేల్చుకునేటప్పుడు పాయింట్లు ఎలా ఇస్తారో ముందు చూడండి. మొత్తం దూరం మాత్రమే లెక్కపెట్టే పోటీలో కొత్తవాళ్లు రెండో వారానికే నీరసపడతారు. రోజుల్ని లెక్కపెట్టేది వెతుక్కోండి.

ఫిబ్రవరి రెండో శుక్రవారం చాలా దేశాల్లో వింటర్ బైక్ టు వర్క్ డే జరుపుకుంటారు, ఒక్కరోజు ప్రయత్నించి చూడటానికి అది బాగుంటుంది. జర్మనీలో ఉన్నవాళ్లకు స్టాట్‌రాడెల్న్ అనే సైకిల్ ఛాలెంజ్ ఉంది, 2008 నుంచి నడుస్తోంది, 21 రోజులు టీమ్‌గా తొక్కాలి. అది చలికాలంలో కాదు గానీ, వేసవిలో ఆ టీమ్‌లో పరిచయమైనవాళ్లే డిసెంబరులో మీతో వస్తారు. సైకిల్ దుస్తులు చేసే రాఫా సంస్థ 2010లో మొదలుపెట్టిన ఫెస్టివ్ 500 కూడా పేరున్నదే. డిసెంబరు 24 నుంచి 31 లోపు 500 కిలోమీటర్లు తొక్కాలి. మొదటి ఏడాది దాని జోలికి వెళ్లొద్దని నా సలహా. దేనిలోనూ చోటు దొరక్కపోతే ఆఫీసులోనో హాస్టల్‌లోనో నలుగురు కలిసి ఒక వాట్సాప్ గ్రూప్, ఒక షీట్ పెట్టుకుంటే అదే ఛాలెంజ్.

మా టీమ్‌లో మొదటి రెండు వారాలు నేను గ్రూపులో ఒక్క మాట కూడా రాయలేదు. భాష తప్పుతుందేమోనని భయం. తొక్కిన దూరాన్ని ఫోన్‌లోని యాప్ లెక్కపెడుతుంది. ఒకరోజు దారి మధ్యలో చలికి ఫోన్ ఆగిపోయి ఆ రోజు లెక్క ఎక్కలేదు. సాయంత్రం ఒకావిడ మెసేజ్ పెట్టారు, ‘ఈ రోజు మీ రైడ్ కనిపించలేదు, క్షేమమేనా?’ అని. ఆ దేశంలో నేను ఇంటికి చేరానో లేదో అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఇప్పటికీ ఆ మెసేజ్ నా ఫోన్‌లో ఉంది. ఆ తర్వాతి శనివారం నలుగురం కలిసి తొక్కాం. స్టడెడ్ టైర్లు ఎలా ఎక్కించాలో, ఏ వీధిలో స్నో ఆలస్యంగా తీస్తారో ఆ ఒక్క పూటలో తెలిసినంత నాకు అంతకుముందు ఏడాదంతా తెలియలేదు.

అందుకే ఫోన్ లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. రైడ్‌లను రికార్డు చేసే స్ట్రావా యాప్ వాడేటప్పుడు ప్రయాణం మొదలయ్యే చోటు, ముగిసే చోటు దాచే సెట్టింగ్ ఆన్ చేయండి, మీ ఇల్లు ఎక్కడో అందరికీ తెలియనక్కర్లేదు. గడ్డకట్టే వాన పడే రోజు పాయింట్లు వదిలేసి బస్సెక్కండి. ఆ రోజు ఎందుకు రాలేదని మంచి టీమ్ ఎప్పుడూ అడగదు.

జనవరిలో మొదలయ్యే ఛాలెంజ్ కోసం డిసెంబరు మొదట్లోనే వెతకడం మొదలుపెట్టండి. ఫారంలో వారానికి ఎంత దూరం తొక్కగలరో అడిగితే పెంచి రాయకండి. పది కిలోమీటర్లయితే పదే రాయండి. కింద ఖాళీ ఉంటే, ఇది నా మొదటి శీతాకాలం అని ఒక్క వాక్యం చేర్చండి. అది చదివిన టీమ్ కెప్టెన్ మీకు మొదటి రోజే ఫోన్ చేస్తారు.