మత్తు వదిలే దారి – 3వ పాఠం: షబ్బాత్ గిన్నె

గత పాఠంలో మీకు ఒక పని ఇచ్చాను: తాగుడు సంగతి నమ్మకమైన ఒక్కరికి నోరు తెరిచి చెప్పమని. చెప్పి ఉంటే చాలా బరువు దించుకున్నట్టే. ఇంకా చెప్పలేకపోయినా ఈ పాఠం చదవండి. పరువు పోతుందని, పిల్లల పెళ్ళి సంబంధాలు చెడతాయని ధార్మిక యూదుల ఇళ్ళలో ఈ విషయం దాచేస్తుంటారు. మనవాళ్ళలో తాగుబోతులు ఉండరనే నమ్మకం ఒకటి. అది నిజం కాదని బాహాటంగా చెప్పినవారు రబ్బీ (యూదు మతగురువు) అబ్రహాం ట్వెర్‌స్కీ. ఆయన హసీదీ అనే భక్తి ప్రధానమైన యూదు శాఖ రబ్బీల వంశంలో పుట్టి, సైకియాట్రిస్ట్ అయి, 1972లో పిట్స్‌బర్గ్‌లో గేట్‌వే అనే చికిత్సా కేంద్రం స్థాపించారు. 2021లో జెరూసలేంలో కన్నుమూశారు. అంతటి ఆచారపరుడు ఈ జబ్బును జబ్బుగానే చూశారు, పాపమని తోసెయ్యలేదు. మీరూ మిమ్మల్ని అలాగే చూసుకోండి.

ఈ వారం నేర్చుకునేది షబ్బాత్, అంటే యూదుల వారపు విశ్రాంతి దినం, గడపడం. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా, దాదాపు 25 గంటలు. ఫోన్ ముట్టుకోరు. మిగతా రోజుల్లో కోరిక పుడితే తోడు నిలిచే మనిషికి ఫోన్ చేస్తారు, ఆ రోజు ఆ దారి మూసుకుంటుంది. పైగా షబ్బాత్ మొదలయ్యేదే వైన్ గిన్నెతో.

ముందు ఒక హెచ్చరిక. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగేవాళ్ళు డాక్టర్ని అడగకుండా ఒక్కసారిగా మానకూడదు. ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. షబ్బాత్ రోజున అలా జరిగితే వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి. ప్రాణం కాపాడటం షబ్బాత్ కన్నా ముందు. యూదు ధర్మ చర్చల గ్రంథమైన తాల్ముద్‌లోని యోమా భాగం దీన్ని తోరా (మోషే ధర్మశాస్త్రం) మాటతోనే స్థాపిస్తుంది: ఆజ్ఞలు ఇచ్చింది వాటి వల్ల బతకడానికి, చావడానికి కాదు. ఫోన్ చేసినందుకు తర్వాత కుమిలిపోవద్దు.

ఇక గిన్నె సంగతి. వైన్ తాగకపోతే కిద్దుష్ (గిన్నె పట్టుకుని చెప్పే షబ్బాత్ ప్రార్థన) చెల్లదేమో అనే భయం చాలామందిని మళ్ళీ సీసా దగ్గరికి లాగుతుంది. ఆ భయం అక్కర్లేదు. ద్రాక్షగుత్తి పిండి, ఆ రసం మీదే కిద్దుష్ చెప్పవచ్చని తాల్ముద్ బావా బత్రాలో ఉంది. అంటే పులియని రసం చాలు. మన దేశంలో దీనికి చక్కటి ఆచారమే ఉంది: ముంబయి వైపు బెనె ఇస్రాయేల్ యూదులు ఎండుద్రాక్ష నీళ్ళలో నానబెట్టి, పిసికి, వడకట్టిన షర్బత్‌తో కిద్దుష్ చెబుతారు. కోషర్ (యూదు ఆహార నియమాలకు సరిపడే) ద్రాక్షరసం దొరకని ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఇది మంచి దారి. పద్ధతి మీ రబ్బీని ఒకసారి అడగండి. శుక్రవారం నానబెట్టింది శుక్రవారమే వాడండి, మన ఎండలకి నిలవ ఉంటే పులుస్తుంది.

కొందరికి ద్రాక్షరసం రంగు, వాసనే పాత కోరిక లేపుతాయి. మీరు ఆ కోవలో ఉంటే శుక్రవారం రాత్రి కిద్దుష్ రొట్టె మీద చెప్పుకోవచ్చు. శనివారం రాత్రి షబ్బాత్ ముగించే ప్రార్థన హవ్దాలాకి రొట్టె పనికిరాదు, దానికేం వాడాలో రబ్బీతో ముందే మాట్లాడుకోండి. పస్కా పండుగ రాత్రి తాగే నాలుగు గిన్నెలకూ ద్రాక్షరసం సరిపోతుంది.

నా అభిప్రాయంలో శుక్రవారం రాత్రి కన్నా శనివారం మధ్యాహ్నమే గట్టి పరీక్ష. సినగాగ్‌లో (యూదుల ప్రార్థనా మందిరంలో) ప్రార్థన అయ్యాక బల్ల మీద విస్కీ పెడతారు, ఎవరో ఆప్యాయంగా చిన్న గ్లాసు చేతికిస్తారు. అక్కడికి ఒంటరిగా వెళ్ళకండి, మీ సంగతి తెలిసిన మనిషి పక్కన ఉండాలి. మీ చేతిలో సోడా గ్లాసు ముందే ఉండనివ్వండి. "నేను తాగను" అంటే చాలు, కారణం చెప్పాల్సిన పని లేదు. అక్కడ నిలబడటమే టెన్షన్‌గా ఉంటే ప్రార్థన ముగియగానే ఇంటికి వెళ్ళిపోండి. అది మర్యాద తప్పడం కాదు.

ఒకవేళ శుక్రవారం రాత్రి జారిపోయారనుకోండి. "ఎలాగూ చెడింది, ఈ షబ్బాత్‌కి ఇంతే" అనే ఆలోచన వస్తుంది. మొదటి గ్లాసు కన్నా ఆ ఆలోచనే ఎక్కువ నష్టం చేస్తుంది. ఇంట్లోవాళ్ళకి నిజం చెప్పి, మిగిలిన సీసా వాళ్ళ చేతికిచ్చి, ఉదయం ప్రార్థనకి వెళ్ళండి. నీతిమంతుడు ఏడుసార్లు పడినా తిరిగి లేస్తాడని సామెతల గ్రంథం 24వ అధ్యాయం చెబుతోంది. పడనివాడే నీతిమంతుడని అక్కడ లేదు. పూర్తి పశ్చాత్తాపం అంటే ఏమిటో మధ్యయుగపు యూదు పండితుడు మైమోనిడీస్ రాశాడు: అదే పరిస్థితి మళ్ళీ ఎదురై, చేయగలిగీ చేయనప్పుడు. అంటే వచ్చే శుక్రవారం అదే బల్ల దగ్గర మీకు అవకాశం ఉంది. అలాగని కావాలని పరీక్ష పెట్టుకోకండి, వైన్ సీసా ఇంట్లోంచి తీసేయండి.

ఈ వారం అభ్యాసం: గురువారం లోపు మూడు విషయాలు కాగితం మీద రాయండి. గిన్నెలో ఏం పోస్తారు, సినగాగ్‌లో మీ పక్కన ఎవరుంటారు, ఫోన్ లేని వేళ నడిచి వెళ్ళగలిగే దూరంలో ఎవరి తలుపు తట్టవచ్చు. ఆ చివరి మనిషితో శుక్రవారం మధ్యాహ్నం లోపే మాట్లాడి, వేళ కాని వేళ వస్తే ఏమీ అనుకోవద్దని చెప్పి ఉంచండి. వచ్చే పాఠం పూరీమ్ పండుగ గురించి.