వాక్యం చెప్పడం నేర్చుకుందాం – 4: మార్తకు ఒకలా, మరియకు ఒకలా

గత పాఠంలో సందేశాన్ని ప్రశ్నతో మొదలుపెట్టమన్నాను. యవ్వనస్థుల కూడికల్లో అది బాగానే నడిచింది. చిక్కల్లా అదే ప్రశ్నను ఆదరణ కూడికకు, అంటే చావు జరిగిన ఇంట్లో పెట్టే ప్రార్థనకు, మోసుకెళ్లినవాళ్లకే వచ్చింది. ఇంటి మనిషిని సమాధి చేసి మూడు రోజులైనా కానివాళ్లను "పరలోకం మీద ఎంతమందికి నమ్మకముంది? చేతులెత్తండి" అంటే ఎవరెత్తుతారు? ఎత్తనివాళ్లు తప్పు చేసినట్టు తల దించుకుంటారు. ఆ ఇబ్బందిని కప్పడానికి మీరు గొంతు పెంచుతారు. ఆ తర్వాత ఏం చెప్పినా ఎక్కదు.

అందుకని ఈసారి చెప్పాల్సిన ముగింపుల పాఠం వచ్చేసారికి. ఇప్పుడు యోహాను సువార్త 11 తెరవండి. మార్త, మరియల సహోదరుడు లాజరు చనిపోయాక యేసు వాళ్ల ఊరికి వచ్చిన సంగతి అది.

21వ వచనంలో మార్త, 32లో మరియ అన్నది ఒకటే మాట: నీవిక్కడ ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాడు. మార్త ఎదురెళ్లి మాట్లాడుతోంది, అంత్యదినపు పునరుత్థానం సంగతి తనకు తెలుసంటోంది. ఆమెకు యేసు బోధించాడు. మరియ పాదాల మీద పడి ఏడుస్తోంది. ఆమెకు బోధ లేదు. అతన్ని ఎక్కడ ఉంచారని అడిగాడు, కన్నీళ్లు విడిచాడు. అక్కడా ప్రశ్న ఉంది, గమనించారా? ఏడుస్తున్నవాళ్లు కూడా జవాబు చెప్పగలిగిన ప్రశ్న అది.

ఆదరణ కూడికలో ఎనిమిది నిమిషాలు చాలు. చనిపోయినవారి పేరు ఇంటివాళ్లనడిగి ముందే రాసుకోండి. అందరూ చాప మీద కూర్చుంటే మీరూ కూర్చునే చెప్పండి. రక్షణ పిలుపు, అంటే యేసును నమ్ముకోమని పిలవడం, ఆ రోజు వద్దనే నా పట్టు. సంఘానికి రాని బంధువులు కూడా ఉంటారు కాబట్టి "మనందరికీ తెలిసిన అబ్రాహాము" అనకండి. పిసిదియలోని అంతియొకయలో యూదుల సమాజమందిరంలో అపొస్తలుడైన పౌలు ఐగుప్తు నుంచి మొదలుపెట్టి ఇశ్రాయేలు చరిత్ర చెప్పాడు (అపొ. కార్య. 13). ఆ చరిత్ర తెలియని ఏథెన్సువాళ్ల దగ్గర దాన్ని ఎత్తనే లేదు. వాళ్ల ఊళ్లోని "తెలియబడని దేవునికి" అన్న బలిపీఠంతో మొదలుపెట్టాడు, వాళ్ల కవుల మాటే ఎత్తి చూపాడు (17).

ఇక ఎకో. పాటలకు పెట్టిన ఎకోను సందేశానికి కూడా అలాగే వదిలేస్తారు. పది మంది ఉన్న గదిలో అసలు మైకే అనవసరం, ఎకో ఎందుకండీ? తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, కాదూ వద్దూ కూడా అక్కడే. ఊపిరి అయిపోయి గొంతు దిగేదీ అక్కడే. ముందు మాట ప్రతిధ్వని వచ్చి దాని మీద పడిందా, "భయపడవద్దు"లో వెనక కూర్చున్నవాళ్లకు "భయపడ" వరకే అందుతుంది. పాట అయిపోగానే మిక్సర్ దగ్గరున్న తమ్ముడితో ఎకో సున్నాకు తిప్పించండి. పక్కనున్న వాల్యూమ్ కాదు, ఎకోనే. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో, గడ్డం కిందకు ఉంచండి. మరీ ఆనిస్తే ప, బ అన్నప్పుడల్లా ఢబ్బుమంటుంది. వాక్యం చివరి మాటకు ముందు చిన్న ఊపిరి తీసుకోండి. ఆమెన్ అనిపించుకోవడానికి మాత్రం ఆగకండి.

అభ్యాసం: యోహాను 11:17–35ను స్త్రీల కూడికకు, ఇంటర్ పిల్లలకు, సంఘానికి రాని బంధువులున్న ఇంటికి, తలా నాలుగు నిమిషాలు చెప్పి ఫోనులో రికార్డు చేయండి. వచనాలు తప్ప ఒక్క వాక్యం కూడా రెండింటిలో కలవకూడదు. తర్వాత ఫోను పక్క గదిలో పెట్టి వినండి. క్రియలు వినపడనివన్నీ మళ్లీ చెప్పాల్సిందే.