వాడిన డీజిల్ మోటార్ యాట్ కొనడం – 4వ పాఠం: ఇంజను ఎంత కష్టపడిందో చూడండి

గత పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. నీటిమట్టం దగ్గర పడవ పొడవు ఎన్ని అడుగులో చూసి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణించమన్నాను. 36 అడుగులైతే వర్గమూలం 6, జవాబు సుమారు 8 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక సముద్రపు మైలు). డిస్‌ప్లేస్‌మెంట్ పడవ, అంటే నీటిని పక్కకు తోసుకుంటూ సాగే పడవ, తాను లేపిన అలను తానే ఎక్కలేక చతికిలపడే వేగం అది. ఆ సంఖ్యను దగ్గర పెట్టుకోండి. ‘ఏ ఇంజను మంచిది?’ అని అందరూ మొదట అడుగుతారు. ఎంత వేగంతో వెళ్లాలనుకుంటున్నారో తేలకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు.

ఉదాహరణకు 12 టన్నుల ట్రాలర్ యాట్ (చేపల పడవ తీరులో కట్టిన, నెమ్మదిగా సాగే యాట్) 7 నాట్లతో సాగుతూ గంటకు 8 లీటర్ల డీజిల్ తాగుతోందనుకుందాం. లీటరు డీజిల్ నుంచి ఇంజను ఒక గంటపాటు నాలుగున్నర, అయిదు హార్స్‌పవర్ రాబడుతుంది. అంటే నిజంగా ఖర్చవుతున్నది 40 హార్స్‌పవర్‌కు మించదు. అందులో 120 హార్స్‌పవర్ ఇంజను ఉందంటే మిగతాదంతా ఎదురుగాలికీ, ఎదురు ప్రవాహానికీ, అడుగున పట్టిన నాచుకూ దాచిన నిల్వ. అంతకన్నా పెద్ద ఇంజను పెడితే వేగం దాదాపు పెరగదు, వెనుక లేచే అల మాత్రం పెరుగుతుంది. అదే పొడవున్న ప్లేనింగ్ పడవ, అంటే నీటి మీదికి లేచి జారుతూ పోయే రకం, 20 నాట్లతో వెళ్లాలంటే రెండు ఇంజన్లూ కలిసి గంటకు 100 లీటర్లు సునాయాసంగా లాగేస్తాయి. మైలుకు లెక్కేస్తే మొదటిదానికి లీటరు పైచిలుకు, రెండోదానికి అయిదు లీటర్లు. సెమీ-డిస్‌ప్లేస్‌మెంట్ అంటారే, అది రెండు పడవల మీద కాళ్లు పెట్టిన రకం. 14 నాట్లకు ఆశపడి కొని, మొదటిసారి ట్యాంకు నింపాక జీవితాంతం 8 నాట్ల దగ్గరే నడిపేవాళ్లను చాలామందిని చూశాను. అందులో తప్పేమీ లేదు. కానీ అలా నడిపేందుకైతే అంత ఇంజనుకు డబ్బు పోయడం ఎందుకు?

ఇప్పుడు అసలు పాఠం. ఇంజను మీటర్‌లో గంటలు చూసే ముందు ఒక చిన్న భాగహారం చేయండి: హార్స్‌పవర్‌ను లీటర్లతో భాగించండి. పాత ట్రాలర్లలో తరచుగా కనిపించే ఫోర్డ్ లేమన్ 6.2 లీటర్ల ఇంజను. దాని శక్తి 120 హార్స్‌పవర్. లీటరుకు 19. కమిన్స్ వాళ్ల 5.9 లీటర్ల ఇంజను తీసుకుంటే కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. దాదాపు అదే దిమ్మతో (సిలిండర్లు ఉండే ఇంజను బ్లాకుతో) 210 హార్స్‌పవర్ రకం ఉంది, 370 రకం ఉంది, ఎలక్ట్రానిక్ క్యూఎస్‌బీ రూపంలో 480 కూడా ఉంది. లీటరుకు 36, 63, 81. దిమ్మ పరిమాణం మారలేదు. దాని చేత చేయించే చాకిరీ మారింది. ఇంజనులోకి గాలిని ఒత్తి పంపే టర్బో నుంచి వచ్చే గాలి వేడి, ఆ గాలిని చల్లార్చే ఆఫ్టర్‌కూలర్, పిస్టన్ల మీద ఒత్తిడి అన్నీ ఆ సంఖ్యతోపాటే పెరుగుతాయి. లీటరుకు 20 దగ్గర ఉన్న ఇంజను చాలా నిర్లక్ష్యాన్ని ఓర్చుకుంటుంది. 80 దగ్గర ఉన్నది ఓర్చుకోదు. అది చెడ్డ ఇంజను కాదు. దాని యజమాని ఎలాంటివాడన్నది అక్కడ ఎక్కువ ముఖ్యమవుతుంది, అంతే.

లేమన్ గురించి ఒక మాట: దాని డీజిల్ పంపుకు సొంత నూనె ఉంటుంది, 50 గంటలకోసారి మార్చాలి. అమ్మేవాడిని మామూలుగా మాటల్లో పెట్టి ‘ఆ పంపు నూనె ఎప్పుడు మార్చారు?’ అని అడగండి. తేదీ చెబితే సరే. ‘ఏ పంపు?’ అంటే ఆ పడవ గురించి మీకు చాలా తెలిసిపోయినట్టే.

రిపేరు ఎక్కడ జరుగుతుందో కూడా ముందే ఆలోచించాలి. డెట్రాయిట్ 71 సిరీస్ టూ-స్ట్రోక్ ఇంజన్లు 1938 నాటి రూపకల్పన. గోల చేస్తాయి, నూనె కారుస్తాయి. కానీ వాటి సిలిండర్లలో మార్చుకునే లైనర్లు (పిస్టన్ కదిలే లోపలి గొట్టాలు) ఉంటాయి కాబట్టి ఇంజనును పడవలోంచి తీయకుండానే చాలావరకు కొత్తగా చేయవచ్చు. క్యాటర్‌పిల్లర్ 3208లో, కమిన్స్ 5.9లో లైనర్లు లేవు. సిలిండరు అరిగితే దిమ్మ బయటికి రావాల్సిందే. కాబట్టి ఇంజను గదిలో నిలబడి ఒకసారి తలెత్తి చూడండి. పైన విప్పే పలక ఉందా, లేక డెక్కు కోయాలా? పాత ఇంజన్లకు పిస్టన్లూ గాస్కెట్లూ ఇప్పటికీ దొరుకుతాయి, ఎందుకంటే వాటిలో చాలా దిమ్మలు మొదట లారీల కోసమో ట్రాక్టర్ల కోసమో పుట్టినవి. సులువుగా దొరకనివి సముద్రం కోసం తరువాత తగిలించినవి: సముద్రపు నీటితో ఇంజను వేడిని లాగే హీట్ ఎక్స్‌ఛేంజరు, సిలిండర్ల పొగను పోగుచేసే, నీటితో చల్లబడే మానిఫోల్డు. ధర అక్కడే గుండె ఆపుతుంది.

ఒక ఇంజనా రెండా అన్న వాదం ఎప్పటికీ తెగదు. రెండుంటే రేవులో ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తిప్పి పడవను ఉన్నచోటే తిప్పవచ్చు, ఒకటి ఆగితే ఇంకొకటి ఇంటికి చేరుస్తుంది. కానీ రెండూ ఒకే ట్యాంకులోని మురికి డీజిల్ తాగుతుంటే రెండూ ఒకే మధ్యాహ్నం ఆగుతాయి. ఒక్కటే ఉన్న పడవలో ప్రొపెల్లరు కీల్ (పడవ అడుగున ఉండే వెన్నెముక) వెనుక భద్రంగా ఉంటుంది, ఇంజను గదిలో మనిషి చుట్టూ తిరగడానికి చోటుంటుంది. నెమ్మదిగా వెళ్లే పడవకైతే నా ఓటు ఒక్కదానికే. చెయ్యి దూరని చోట ఉన్న ఇంజనుకు సేవ జరగదు, యజమాని ఎంత మంచివాడైనా సరే.

ఇక పరీక్ష. చల్లటి ఇంజనే కావాలని ముందే చెప్పండి. వెళ్లగానే చేసే మొదటి పని, దిమ్మ మీద అరచెయ్యి ఆనించడం. ఒకసారి నేను చెప్పిన వేళకు వెళితే దిమ్మ గోరువెచ్చగా ఉంది. ‘బ్యాటరీల ఛార్జింగ్ కోసం కాసేపు నడిపాం’ అన్నాడు అమ్మే మనిషి, చాలా మర్యాదగా. ‘రేపు పొద్దున వస్తాను’ అన్నాను. మర్నాడు తెల్లవారకముందే వెళ్లి నిలబడ్డాను. మీట తిప్పితే చాలాసేపు గిరగిరా తిరిగి అంటుకుంది. తరువాత పది నిమిషాలు తెల్లటి పొగ, నీటి మీద డీజిల్ రంగుల జిడ్డు. చలి వేళ కాసింత తెల్ల పొగ మామూలే. వేడెక్కినా తగ్గకపోతే కాలని డీజిలో, సిలిండరులోకి దిగిన నీరో. నీలిపొగ అంటే నూనె కాలుతోంది. నల్లపొగ అంటే గాలి చాలడం లేదు, లేదా మోయలేని బరువు మీద పడింది.

తరువాత టార్చి వెలిగించి సముద్రపు నీరు వెళ్లే దారి పట్టుకుని నడవండి. డీజిల్ యాట్ ఇంజన్లలో చాలావరకు అరిగి చావవు, ఉప్పు తిని చస్తాయి. నీటి పంపు అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ తెల్లటి ఉప్పు పొరో ఆకుపచ్చ మరకో కనిపిస్తే లోపలి సీలు పోయింది. పంపులోని రబ్బరు ఇంపెల్లరును ఏటా మార్చడం చిన్న ఖర్చు. మార్చకపోతే దాని రెక్కలు విరిగి హీట్ ఎక్స్‌ఛేంజరు గొట్టాలకు అడ్డం పడతాయి, ఇంజను ఉడికిపోతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. చివరగా ఎగ్జాస్ట్ ఎల్బో. పొగలోకి నీటిని కలిపే వంపు గొట్టం అది. వేడీ ఉప్పూ పొగలోని ఆమ్లమూ కలిసి దాన్ని లోపలి నుంచి తినేస్తాయి. బయట రంగు కొత్త పెళ్లికొడుకులా మెరుస్తూనే ఉంటుంది. చిల్లు పడితే నీరు టర్బోలోకీ, అక్కడి నుంచి సిలిండర్లలోకీ చేరుతుంది. హోసు విప్పి లోపల చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే కొత్త ఎల్బో ఖర్చును బేరంలోంచి తీసేయండి.

నీటి మీద నడిపి చూసేటప్పుడు ఇంజను వేడెక్కాక థ్రాటిల్ పూర్తిగా ముందుకు నెట్టమనండి. ‘అంత వేగంతో ఎవరూ నడపరండీ’ అంటారు. నడపరు, నిజమే. అయినా నెట్టాలి. ఇంజను పలక మీద నిమిషానికి 2,800 చక్రభ్రమణాలని రాసి ఉంటే, నిండు ట్యాంకులతో ఆ సంఖ్యను అందుకోవాలి, కాస్త దాటినా మంచిదే. 2,600 దగ్గర ఆగిపోతే ప్రొపెల్లరు మరీ పెద్దదై ఉండాలి, అడుగు నాచుపట్టి ఉండాలి, లేదా ఇంజనే నీరసించి ఉండాలి. మొదటి కారణమే అయితే ఆ ఇంజను ఇన్నేళ్లూ ప్రతి వేగంలోనూ కొండను లాగుతూ వచ్చిందన్నమాట. ఆ పరుగులో వేడి ముల్లు మీద కన్నేసి ఉంచండి. పెరిగి ఒకచోట నిలవాలి. నిలవకుండా పాకుతుంటే వెంటనే థ్రాటిల్ తగ్గించమనండి.

గంటల మీటరు గురించి చివర చెబుతున్నాను, అందరూ మొదట చూసేది అదే కాబట్టి. పాతికేళ్ల పడవకు 400 గంటలంటే సంబరపడకండి. ఏడాదికి 16 గంటలు తిరిగి, మిగతా కాలమంతా తేమలో తుప్పుపడుతూ కూర్చున్న ఇంజను అది. మీటరును మార్చడం కూడా కష్టమేమీ కాదు. ఎలక్ట్రానిక్ ఇంజన్లలో మాత్రం లోపలి కంప్యూటరు మొత్తం గంటలనూ, తాగిన మొత్తం డీజిల్‌నూ దాచుకుంటుంది. ఆ రెండో సంఖ్యను మొదటిదానితో భాగిస్తే సగటున గంటకు ఎన్ని లీటర్లో తెలిసిపోతుంది. మెకానిక్‌ను ల్యాప్‌టాప్‌తో పిలిపించి ఆ సంఖ్యలు తీయించండి. ఎలక్ట్రానిక్ ఇంజన్లలో డీజిల్‌ను చిమ్మే కామన్‌రైల్ ఇంజెక్టర్ల ధర చూసి పాత మెకానికల్ ఇంజన్లవైపే మొగ్గు చూపే నేను కూడా ఈ ఒక్క సదుపాయానికి తలవంచుతాను.

అభ్యాసం: అమ్మకానికి ఉన్న మూడు పడవల వివరాలు సేకరించి, ఒక్కొక్కదానికి మూడు సంఖ్యలు రాయండి. పడవ సహజ వేగం (మొదట చెప్పిన 1.34 లెక్క), లీటరుకు హార్స్‌పవర్, ఏడాదికి నడిచిన గంటలు. కింద చెప్పిన పడవను కూడా చేర్చుకోండి: నీటిమట్టం పొడవు 42 అడుగులు, 10.4 లీటర్ల క్యాటర్‌పిల్లర్ 3208 ఇంజన్లు రెండు, ఒక్కొక్కటి 375 హార్స్‌పవర్, వయసు 30 ఏళ్లు, 2,400 గంటలు. దాన్ని 9 నాట్లతోనే నడపాలనుకునే కుటుంబానికి మీరు ఏమని సలహా ఇస్తారు? అయిదో పాఠంలో గేర్‌బాక్సు, షాఫ్టు, ప్రొపెల్లరు దగ్గరికి వెళ్లే ముందు ఈ పడవతోనే మొదలుపెడదాం.