అమెరికా కాలేజీలో ఫస్ట్ ఇయర్ కాంపోజిషన్: ఎలా చదవాలి, ఎలా రాయాలి

ఇంగ్లీష్ 101 అనో కాంప్ వన్ అనో మొదటి సంవత్సరంలోనే ఈ కాంపోజిషన్ (వ్యాసాలు రాయడం) కోర్సు తగులుతుంది, మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఏదైనా సరే దాదాపు అందరూ చెయ్యాల్సిందే. హార్వర్డ్‌లో 1885 నుంచే ఫస్ట్ ఇయర్ వాళ్ళకి ఇది తప్పనిసరి. చాలామంది గ్రామర్ క్లాస్ అనుకుని వస్తారు, కాదండీ, ఒకళ్ళు రాసింది సరిగ్గా చదివి దానికి ఆధారాలతో జవాబు చెప్పడం నేర్పే క్లాస్ ఇది.

అందుకే ముందు చదవడం గురించి చెప్తా. ఇరవై పేజీల ఆర్టికల్ ఇస్తే నవల్లాగా మొదటి లైన్ నుంచి పట్టుకోవద్దు. అబ్‌స్ట్రాక్ట్ (ఆర్టికల్ మొదట్లో ఇచ్చే సారాంశం) ఉంటే అది, తర్వాత ఇంట్రో, వెంటనే కన్‌క్లూజన్, ఈ మూడూ చదివితే రచయిత ఎక్కడికి వెళ్తున్నాడో తెలిసిపోతుంది, అప్పుడు పెన్సిల్ తీసుకుని మొదట్నుంచి రండి. హైలైటర్ పక్కన పెట్టేయండి, పేజీ అంతా పసుపైపోతుంది తప్ప బుర్రలోకి ఏమీ ఎక్కదు. ప్రతి పేరా పక్కన రెండే ముక్కలు రాయండి: ఏం చెప్తోంది, అక్కడ ఎందుకుంది. ఉదాహరణకి ఒక పేరాలో "ఫోన్ల వల్లే పిల్లల చదువు పాడైందని చాలామంది అంటారు" అని ఉందనుకోండి. ఏం చెప్తోంది అంటే ఫోన్లు చెడ్డవని. ఎందుకుంది అంటే తర్వాతి పేరాలో ఆ మాటని కాదనడానికి! ఈ రెండోది రాయనివాళ్ళు అది రచయిత అభిప్రాయమే అనుకుని కోట్ చేసేస్తారు, దాంతో వాళ్ళు రాసే పేపర్ (వ్యాసం) మొత్తం తలకిందులైపోతుంది. ఇది చాలా మామూలుగా జరిగే తప్పు, చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే కష్టపడి చదివినవాళ్ళకే జరుగుతుంది.

ఇక థీసిస్, అంటే మీ పేపర్ మొత్తం నిలబెట్టాల్సిన ఒక్క వాదన. "క్లాసులో ఫోన్ల వల్ల లాభాలూ ఉన్నాయి నష్టాలూ ఉన్నాయి" అన్నది థీసిస్ కాదు, ఎవరూ కాదనరు కాబట్టి. "ఫోన్లు పూర్తిగా బ్యాన్ చేస్తే లాప్‌టాప్ లేక ఫోన్‌లోనే పాఠాలు చదువుకునేవాళ్ళు నష్టపోతారు, కాబట్టి బ్యాన్ బదులు ఎప్పుడు వాడొచ్చో రూల్ పెట్టాలి" అనండి, ఇప్పుడు వాదించడానికి ఏదో ఉంది. మొదటి డ్రాఫ్ట్‌కే ఇది కుదరదు, పేపర్ సగం రాశాక థీసిస్ మారిపోతే కంగారు పడకండి, మారనివ్వండి.

బాడీ పేరాలో కోట్ తెచ్చి పడేసి వెళ్ళిపోవద్దు. ఎవరన్నారో చెప్పి, కోట్ పెట్టి, తర్వాత కనీసం రెండు మూడు వాక్యాలు అది మీ వాదనకి ఎలా పనికొస్తుందో మీ మాటల్లో రాయాలి. మార్కులు ఎక్కువగా ఆ రెండు మూడు వాక్యాల్లోనే ఉంటాయి.

పారాఫ్రేజ్ (వేరేవాళ్ళ మాటని మీ మాటల్లో చెప్పడం) దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. వాక్యం అలాగే ఉంచి నాలుగు పదాలకి వేరే పదాలు పెడితే అది కూడా ప్లేజరిజమే (రాతచౌర్యమే), కింద సైటేషన్ (ఎక్కడ్నుంచి తీసుకున్నారో చెప్పే వివరం) ఇచ్చినా సరే. పేజీ మూసేసి, అర్థమైంది ఫ్రెండ్‌కి చెప్తున్నట్టు రాసి, తర్వాత తెరిచి పోల్చుకోండి. మీ మాటల్లో రాసినా ఆలోచన వాళ్ళదే కాబట్టి సోర్స్ చెప్పాల్సిందే. సైటేషన్ రాసే పద్ధతులు ముఖ్యంగా రెండు, ఎం.ఎల్.ఏ., ఏ.పీ.ఏ. ఎం.ఎల్.ఏ. (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) స్టైల్ అయితే బ్రాకెట్లో రచయిత ఇంటిపేరు, పేజీ నంబరు. ఏ.పీ.ఏ. (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) అయితే ఇంటిపేరు, సంవత్సరం, నేరుగా కోట్ చేస్తే పేజీ కూడా. ఫార్మాట్ డౌట్లకి పర్‌డ్యూ యూనివర్సిటీ వాళ్ళ ఔల్ (ఆన్‌లైన్ రైటింగ్ ల్యాబ్) సైట్ ఉంది, ఫ్రీ. ఏఐ టూల్స్ సంగతి ఒక్కో ప్రొఫెసర్‌ది ఒక్కో రూలు, సిలబస్ (కోర్సు మొదట్లో ఇచ్చే రూల్స్, వివరాల కాగితం) చూడండి, అందులో లేకపోతే రాసే ముందే అడిగేయండి.

డ్రాఫ్ట్ అయ్యాక ప్రతి పేరానీ ఒక్క లైన్లో వేరే కాగితం మీద రాసుకోండి. ఆ లైన్లు వరసగా చదివితే ఏ పేరా దారి తప్పిందో, ఏ రెండు ఒకటే చెప్తున్నాయో కనిపిస్తుంది. కామాలు, స్పెల్లింగులు ఇది అయ్యాకే. ఆ కాగితం, అసైన్‌మెంట్ షీట్ రెండూ తీసుకుని డెడ్‌లైన్‌కి మూడు నాలుగు రోజుల ముందే క్యాంపస్‌లో రైటింగ్ సెంటర్‌కి వెళ్ళండి, మామూలుగా డబ్బులేం తీసుకోరు, వెళ్ళి "ఇంగ్లీష్ సరిచెయ్యండి" అనకుండా "నా మూడో పేరా థీసిస్‌కి అతుకుతోందా" అని అడగండి.