మాట – వాడుక, 7వ పాఠం: పాడైన ఇల్లు, పాడుబడ్డ ఇల్లు

గత పాఠంలో బీడు, బంజరు అనే మాటలు సాగులేని నేలకు ఎలా చెల్లుతాయో చూశాం. ఈసారి మనుషులు విడిచిపోయిన చోటికి చెల్లే 'పాడు' సంగతి తెలుసుకుందాం.

పాలు పాడవుతాయి, మోటారు పాడవుతుంది. పాలు పాడుబడ్డాయని మాత్రం ఎవరూ అనరు. పాడవడమంటే చెడిపోవడం, పాడుబడడమంటే ఆలనాపాలనా లేక చాలాకాలం పడి ఉండడం. వానకు కప్పు కారుతున్నా లోపల పొయ్యి వెలుగుతున్న ఇంటిని పాడుబడ్డదనడం తప్పు. దూలాలు గట్టిగానే ఉండి, తాళం తుప్పుపట్టి, వసారా నిండా గబ్బిలాల రెట్ట పేరుకుని, పెరటిగోడ పగులులో రావిమొక్క వేళ్లు తన్నుకున్న ఇల్లు మాత్రం పాడుబడ్డ ఇల్లే. 'శిథిలం' కట్టడాన్నే చూస్తుంది, 'నిర్జనం' మనుషులు లేకపోవడాన్నే చూస్తుంది. ఆ రెంటితోపాటు గడిచిన కాలాన్ని కూడా పట్టి చూపేది 'పాడుబడ్డ' అన్న మాట ఒక్కటేనని నా అభిప్రాయం.

'పాడుపెట్టు' అంటే తప్పు మనుషుల మీదికి వస్తుంది: "అన్నదమ్ములు తలోదారి పట్టి, తాతలనాటి ఇంటిని పాడుపెట్టారు."

ఈ మాట మన ఒక్కరిదే కాదు. తమిళంలో ఇది పాళ్, కన్నడంలో హాళు. 1565 యుద్ధం తర్వాత నాశనమైన విజయనగరాన్ని కన్నడిగులు 'హాళు హంపె' అంటారు. తమిళుల కోళి మనకు కోడి, వాళ్ల ఏళు మనకు ఏడు అయినట్టే పాళ్ మనకు పాడు అయింది. నాడు 'నాటి' అయినట్టు పాడు 'పాటి' అవుతుంది కనుకనే, పూర్వం ఊరుండి పోయిన దిబ్బ పాటిదిబ్బ, అక్కడి నుంచి పొలానికి తోలుకునే మన్ను పాటిమన్ను. అయితే పెదపాడు వంటి ఊరిపేర్లలోని పాడును దీనితో కలపకండి. అక్కడ దాని అర్థం నివాసం, అంటే దాదాపు దీనికి ఎదురు. "ఈ పాడు వాన" అని విసుక్కునేటప్పుడు వచ్చే పాడు మాత్రం ఈ మాటే, తిట్టుగా మారింది.

అభ్యాసం: ఖాళీల్లో పాడైన, పాడుబడ్డ, పాడుపెట్టిన అనే మాటల్లో తగినది రాయండి.

ధూపదీపాలు లేక ______ గుడి.
నిన్న ______ సైకిలు.
వారసులు ______ మేడ.

రెండో ఖాళీలో 'పాడుబడ్డ' ఎందుకు కుదరదో ఒక వాక్యంలో రాసి ఉంచుకోండి. వచ్చే పాఠం దానితోనే మొదలవుతుంది.