పొడుగు జుట్టు, ఉంగరాల జుట్టు – మూడో పాఠం: చిక్కు తీయడం

మొదటి పాఠంలో మీ జుట్టు ఏ రకమో చూసుకున్నాం. రెండో పాఠంలో నూనె పెట్టడం చూశాం. ఈసారి చిక్కు. ఈ పాఠాలన్నిట్లోకీ నాకు ముఖ్యమైంది ఇదే, అందుకే కాస్త పెద్దది. జుట్టు పెరగడం లేదని బాధపడే ఆడపిల్లల్లో చాలామందికి జుట్టు పెరుగుతూనే ఉంటుంది, నెలకి ఇంచుమించు 1 సెంటీమీటరు. పైన పెరిగినంతా కింద దువ్వెనకి తెగిపోతుంటే ఇక పొడుగెట్లా తెలుస్తుంది?

ముందు చిక్కు ఎందుకు పడుతుందో చూద్దాం. వెంట్రుక నున్నగా కనిపిస్తుంది గానీ దాని పైపొర అంతా పొలుసులు. చేప ఒంటిమీద పొలుసులు తలనుంచి తోకవైపు పడుకున్నట్టు, ఇవి కుదురునుంచి కొసవైపు పడుకుని ఉంటాయి. రాలిన వెంట్రుక ఒకటి తీసుకుని, రెండు వేళ్ళ మధ్య కుదురునుంచి కొసకి జార్చండి, జర్రున పోతుంది. కొసనుంచి కుదురుకి జార్చండి, గరుగ్గా పట్టినట్టుంటుంది. చిక్కు వెంట్రుకలు కొనేవాళ్ళు వీధుల్లోకి వస్తుంటారు చూడండి, వాళ్ళకిచ్చే ఉండలో కుదుళ్ళూ కొసలూ కలగలిసిపోయి ఉంటాయి. అట్లాంటి జుట్టుతో చేసిన సవరం ఊరికే చిక్కుపడుతుంది, ఎందుకంటే ఒక వెంట్రుక పొలుసు పక్కదాని పొలుసుకి ఎదురు తగులుతుంది. తిరుమలలో తలనీలాలకి మంచి ధర పలకడానికి ఒక కారణం, వాటిని కుదుళ్ళన్నీ ఒకవైపే ఉండేట్టు కట్టగట్టే వీలుండడం. మీ తలలో జరిగేదీ ఇదే: రాలిపోయిన వెంట్రుకలు జారి కిందపడకుండా మధ్యలో అడ్డం తిరిగి, పక్కవాటిని చుట్టేస్తాయి.

మన ఎండ, గాలి దీనికి తోడవుతాయి. కావలినుంచి నెల్లూరుకి బస్సులో కిటికీ పక్కన జుట్టు వదిలేసుకుని కూర్చుంటే చాలు, దిగేసరికి మెడ దగ్గర ఉండ కడుతుంది. మైపాడు, కొత్తపట్నం ఒడ్డున సాయంత్రం గడిపితే ఆ ఉప్పుగాలికి జుట్టు బంకగా తయారవుతుంది. ప్రకాశం మెట్ట ఊళ్ళలో చాలాచోట్ల బోరునీళ్ళతో సబ్బు నురగే రాదు. ఆ నీళ్ళలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కట్టి వెంట్రుకకి అంటుకుంటుంది, దాంతో జుట్టు పీచులా గరుగ్గా అయిపోతుంది. అందుకే తలకి ఒంటిసబ్బు వద్దు. చివరి రెండు చెంబులైనా కుళాయి మంచినీళ్ళు పోసుకోండి.

ఉంగరాల జుట్టుకి ఇంకొంచెం ఇబ్బంది ఉంది. మాడులో ఊరే నూనె వంపులు దాటి కిందికి దిగదు, పైగా వంపు తిరిగిన ప్రతిచోటా వెంట్రుక బలహీనం. ఆ పిల్లల్ని 'చింపిరి జుట్టు' అనడం ఆపాలి. అది చింపిరి కాదు, దాని పద్ధతి వేరు, అంతే.

ఆ పద్ధతిలో మొదటి తేడా ఎప్పుడు తీయాలన్నదే. సాఫుగా లేదా కొద్దిగా అలలుగా ఉన్న పొడుగు జుట్టుకి తలంటుకి ముందే, నూనె రాసుకుని, పొడిగా ఉన్నప్పుడే చిక్కు తీయండి. చిక్కుమీద నీళ్ళు పోసి రుద్దితే ముడి బిగుసుకుంటుంది. తడి వెంట్రుక దాదాపు మూడో వంతు దాకా సాగి మళ్ళీ వెనక్కి వస్తుంది, అంతకు మించి లాగితే ఇక దెబ్బతిన్నట్టే. కాబట్టి తలంటు తర్వాత ఆరేదాకా దువ్వెన ముట్టుకోకండి. బిగుతు ఉంగరాల జుట్టుకి దీనికి సరిగ్గా ఎదురు. పొడిగా దువ్వితే వంపు దగ్గర పుటుక్కున తెగుతుంది. తడిపి, జారుడుగా ఏదైనా దండిగా పట్టించి, అది ఉండగానే తీయాలి. కండిషనర్ సరే. మందారాకులు నీళ్ళలో పిసికి పలచటి గుడ్డలో వడకట్టిన జిగురూ పనికొస్తుంది. మెంతుల ముద్ద మాత్రం వడకట్టకుండా పెట్టకండి, ఆ పిప్పి ఉంగరాల్లో ఇరుక్కుంటే ఇంకో చిక్కు.

ఇక చెయ్యి పెడదాం. పూలరేకులు, పిన్నులు, రబ్బరు బ్యాండ్లు అన్నీ తీసేయండి. మధ్య పాపిడి తీసి, ఒక్కోవైపు రెండు పాయలు చేసి, పట్టుకున్న పాయ తప్ప మిగతావి క్లిప్పు పెట్టేయండి. జుట్టు ఒత్తుగా ఉంటే ఆరు పాయలు. మొదట వేళ్ళు, తర్వాతే దువ్వెన. దువ్వెన వెడల్పు పళ్ళది. పేన్ల దువ్వెన ఈ పనికి అసలు ముట్టవద్దు.

ఇప్పుడు అసలు కిటుకు. పాయని ఎడంచేత్తో చిక్కుకి పైన, అంటే చిక్కుకీ మాడుకీ మధ్యన, గట్టిగా పట్టుకోండి. కుడిచేత్తో చివర బెత్తెడు మాత్రమే దువ్వండి. అది ఏ అడ్డూ లేకుండా దిగాక ఇంకో బెత్తెడు పైకి జరగండి. అట్లా జరుగుతూ జరుగుతూ కుదురు దాకా పోవాలి. పైనుంచి ఒక్క లాగు లాగితే దారిలోని చిన్న చిక్కులన్నీ కిందికి జరిగి ఒకేచోట పెద్ద ముడవుతాయి. ఎడంచెయ్యి సరిగ్గా పట్టుకుందా లేదా అనేదానికి గుర్తు ఒకటే: మాడు నొప్పి పుట్టకూడదు. పిల్లకాయలు దువ్వెన చూసి ఏడుస్తున్నారంటే తప్పు పిల్లలది కాదు.

చెవులు కూడా పెట్టి ఉంచండి. 'టప్ టప్' మని వినిపించిందా, ఆగండి. ఆ ముడి దగ్గర రెండు చుక్కల కొబ్బరినూనె వేసి, ముడిని రెండువైపులా అడ్డంగా విప్పదీయండి, పొడుగునా లాగకండి. అప్పటికీ రాకపోతే పిన్ను మొనతో ముడి అడుగునుంచి ఒక్కో వెంట్రుకే బయటికి లాగండి. కొబ్బరినూనె ఎందుకంటే అది వెంట్రుక లోపలికి ఇంకుతుంది. మినరల్ ఆయిల్ పైనే ఉండిపోతుంది, జారుడుకి సాయపడుతుంది గానీ లోపలికి చేరదు. ఒక్క వెంట్రుకే తనకు తాను ముడిపడి ఉంటే మాత్రం విప్పే ప్రయత్నం వద్దు. పదునైన కత్తెరతో ముడికి కాస్త పైన కత్తిరించేయండి.

జ్వరంతో మంచాన పడి లేచినవాళ్ళకి, బాలింతలకి మెడవెనక జుట్టు అట్టకట్టి ఉంటుంది. ఇంట్లోవాళ్ళు వెంటనే కత్తెర అందుకుంటారు. తొందరపడకండి. నడుం దాకా ఉన్న జుట్టు చివర్లకి ఐదారేళ్ళ వయసు ఉంటుంది, ఒక్క నిమిషంలో పోగొట్టుకోదగింది కాదు. నూనె బాగా పట్టించి రాత్రంతా నానబెట్టి, మరునాడు అట్ట అంచులనుంచి కొద్దికొద్దిగా విప్పుకుంటూ రండి. ఒక పూటలో కాకపోతే రెండు రోజులు తీసుకోండి. పట్టినన్ని గంటలు ఆ మనిషికి మెడ నొప్పి పుట్టకుండా తలకింద దిండు పెట్టండి.

అయ్యాక దువ్వెనలో వచ్చిన వెంట్రుకల్ని పారేయకుండా వెలుతురులో చూడండి. ఒక చివర తెల్లటి బొడిపె ఉండి, మీ జుట్టంత పొడుగు ఉంటే అది ఎట్లాగూ రాలాల్సిందే. రోజుకి 50 నుంచి 100 రాలడం మామూలు, మూడు రోజులు దువ్వకపోతే అవన్నీ ఒకేసారి వస్తాయి, భయపడొద్దు. బొడిపె లేకుండా పొట్టి ముక్కలు వస్తే అవి తెగినవి. మీ చెయ్యి ఎంత కుదిరిందో ఆ ముక్కలే చెబుతాయి.

బడికి పోయే పిల్లలకి రెండు జడలూ రిబ్బన్లూ వేసే తొందరలో పొద్దున్నే ఇదంతా కుదరదు. చిక్కు రాత్రిపూట తీసి వదులుగా జడ వేసి పడుకోబెట్టండి, పొద్దున పైపైన సర్దితే సరిపోతుంది. తలంటు తర్వాత తువ్వాలుతో జుట్టుని కొట్టి జాడించే అలవాటు మన ఇళ్ళలో ఉంది, అది మానండి. మెత్తబడిన పాత నూలుపంచె చుట్టి అదిమితే చాలు.

ఈ వారం ఒక్క పాయమీదే సాధన చేయండి, బెత్తెడు బెత్తెడుగా, ఎడంచెయ్యి పట్టు వదలకుండా. తెగిన ముక్కల్ని ఒక తెల్లకాగితంమీద పెట్టి, వారం చివర ఇంకో పాయవి పక్కన పెట్టి పోల్చుకోండి. నాలుగో పాఠంలో రాత్రి జడ: ఎంత వదులుగా, ఏ గుడ్డ దిండుమీద.