డెంటల్ అసిస్టెంట్ ఉద్యోగానికి కవర్ లెటర్ ఎలా రాయాలి?

మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక అది పట్టేదాకా డాక్టర్ నాలుగైదు నిమిషాలు ఆగాలి. చిన్న క్లినిక్‌లలో ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తులు తెరిచి చూసేది ఇలాంటి ఖాళీల్లోనే. ఆ కాస్త సేపట్లో వరసగా లెటర్లు తిరగేస్తే దాదాపు అన్నింట్లో ఒకటే పాట: "కష్టపడి పనిచేస్తాను, అందరితో కలిసిపోతాను, నేర్చుకోవాలన్న తపన ఉంది." ఇవి అబద్ధాలని కాదు. కానీ ఇవన్నీ చదివాక కూడా, రేపు పొద్దున ఈ మనిషి చైర్‌కి అవతలి పక్క కూర్చుంటే పని ఎలా సాగుతుందో డాక్టర్‌కి అంతుబట్టదు. ఆ ఒక్క సంగతి కళ్లకు కట్టగలిగితే మీ లెటర్ పని చేసినట్టే. చదువు, కోర్సులు, తేదీలు రెజ్యుమేలో ఎలాగూ ఉంటాయి.

1. ప్రకటనను పెన్ను పట్టుకుని చదవండి

డెంటల్ అసిస్టెంట్ అన్న పేరు ఒకటే అయినా పని అన్నిచోట్లా ఒకటి కాదు. పిల్లల పళ్ల క్లినిక్‌లో ఏడుస్తున్న పిల్లవాణ్ణి మాటల్లో పెట్టడమే సగం పని. క్లిప్పులు వేసేచోట వైర్లు, బ్రాకెట్లు, ఫొటోలతోనే రోజు గడిచిపోతుంది. సర్జరీలు ఎక్కువగా జరిగేచోట సక్షన్ (నోట్లోని ఉమ్మి, నీళ్లు పీల్చే గొట్టం) పట్టిన చేయి వణకకూడదు, రక్తం చూసి కళ్లు తిరగకూడదు. కొన్నిచోట్ల ఫోన్లు ఎత్తడం, అపాయింట్‌మెంట్లు ఇవ్వడం కూడా మీ మీదే పడుతుంది. ప్రకటనలో రెండుసార్లు కనిపించిన మాట కింద గీత గీయండి. వాళ్లకు ఇప్పుడు ఎక్కడ ఇబ్బందిగా ఉందో అక్కడే తెలిసిపోతుంది.

డాక్టర్ పేరు ప్రకటనలో లేకపోతే క్లినిక్‌కి ఫోన్ చేసి అడగండి, స్పెల్లింగ్‌తో సహా. "సంబంధిత అధికారి గారికి" అని మొదలయ్యే లెటర్ ఎవరికీ రాసినట్టు ఉండదు. అన్నట్టు, ఆ ఫోన్ ఎత్తిన మనిషి రేపు మీతో కలిసి పనిచేసే మనిషే కావచ్చు. మాట్లాడే తీరు గుర్తుంటుంది.

2. చైర్ దగ్గర జరిగిన ఒక్క సంఘటన ఎంచుకోండి

ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. లెటర్ మొదలుపెట్టకముందు ఒక తెల్లకాగితం మీద, మీ వల్ల పని తేలికైన సందర్భాలు నాలుగైదు రాసుకోండి. గొప్పవి అక్కర్లేదు. రూట్ కెనాల్ మధ్యలో పేషెంట్ వేళ్లు బిగుసుకోవడం గమనించి డాక్టర్‌కి సైగ చేయడం, అడగకముందే తర్వాతి పరికరం చేతికి అందించడం లాంటివి చాలు. వాటిలో ప్రకటనకు దగ్గరగా ఉన్నదాన్ని తీసుకోండి.

ఒకరు "పేషెంట్లతో ఓపికగా ఉంటాను" అని రాశారనుకుందాం. ఆ మాట ఎవరైనా రాస్తారు. అదే మనిషి ఇలా రాస్తే చూడండి:

"డాక్టర్ గారి పర్యవేక్షణలో పైదవడ కొలత తీస్తుంటే ఒక పేషెంట్‌కి డోకు వచ్చి రెండుసార్లు ట్రే తీసేయాల్సి వచ్చింది. మూడోసారి ఆమెను నిటారుగా కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి ముక్కుతో గాలి పీల్చమన్నాను. కాలి వేళ్లు కదుపుతూ ఉండమన్నాను. ట్రేలో వెనకవైపు ఆల్జినేట్ తగ్గించాను. ఈసారి కొలత శుభ్రంగా వచ్చింది."

(ఆల్జినేట్ అంటే పళ్ల అచ్చు తీసే మెత్తటి ముద్ద.) ఓపిక అన్న మాట ఇందులో ఎక్కడా లేదు. అయినా డోకు ఎందుకొస్తుందో ఈ మనిషికి తెలుసని, రెండుసార్లు చెడిపోయినా చిరాకు పడలేదని చదివినవాళ్లకు అర్థమైపోతుంది. నా లెక్కలో ఈ ఐదు వాక్యాలు పేజీడు గుణగణాల కంటే విలువైనవి. పేషెంట్ పేరుగానీ, గుర్తుపట్టగలిగే వివరంగానీ మాత్రం రాయకండి. పాత క్లినిక్ పేషెంట్ల సంగతులు బయటపెట్టేవాళ్లు రేపు మా వాళ్ల సంగతీ చెబుతారు కదా అని డాక్టర్‌కి అనుమానం వస్తుంది.

3. పరికరాల శుభ్రత గురించి లోతుగా రాయండి

"స్టెరిలైజేషన్ తెలుసు" అన్న రెండు మాటలతో సరిపెట్టేవాళ్లే ఎక్కువ. డాక్టర్లను రాత్రి నిద్రపోనివ్వని విషయం అదే అయినప్పుడు ఇంత పొదుపు ఎందుకో నాకు అర్థం కాదు. వాడిన పరికరాలను అల్ట్రాసోనిక్ (ధ్వని కంపనాలతో మురికి వదిలించే యంత్రం)లో వేసి, కడిగి, ఆరబెట్టి, పౌచ్‌లో పెట్టి ఆటోక్లేవ్ (ఆవిరి వేడితో క్రిములను చంపే యంత్రం)లోకి పంపింది మీరే అయితే అలాగే రాయండి. 121 డిగ్రీల సైకిల్ ఏ లోడుకు వాడారో, 134 డిగ్రీల సైకిల్ ఏ లోడుకు వాడారో చెప్పగలిగితే ఇంకా మంచిది.

పౌచ్ మీద ఇండికేటర్ రంగు మారిందంటే ఆ పౌచ్ ఆటోక్లేవ్ వేడిలోకి వెళ్లొచ్చిందని మాత్రమే. యంత్రం క్రిములను నిజంగా చంపుతోందో లేదో చెప్పేది స్పోర్ టెస్ట్. ఈ తేడా తెలిసిన మనిషి అని డాక్టర్‌కి అర్థమయ్యేలా ఒక్క వాక్యం ఉండాలి: "స్పోర్ టెస్ట్ పెట్టడం, ఫలితం రిజిస్టర్‌లో రాయడం నా బాధ్యతగా ఉండేది." అంతకన్నా పొగడ్త అక్కర్లేదు.

చార్టింగ్, అంటే ఏ పన్ను ఎలా ఉందో నంబర్లతో రాసుకోవడం, కూడా ఇలాంటిదే. కింది దవడలో ఎడమవైపు మొదటి పెద్ద దవడ పన్నును రెండంకెల ఎఫ్‌డీఐ (ప్రపంచ దంతవైద్య సమాఖ్య) పద్ధతిలో 36 అంటారు, యూనివర్సల్ పద్ధతిలో 19 అంటారు. మీకు అలవాటైన పద్ధతి ఏదో చెబితే "చార్టింగ్ వచ్చు" అనే మాటకు బరువు వస్తుంది. ఎక్స్‌రేల విషయంలో జాగ్రత్త. అసిస్టెంట్ ఎక్స్‌రే తీయడానికి చాలాచోట్ల విడిగా శిక్షణ, అనుమతి ఉండాలి. లేకపోతే "సెన్సార్ అమర్చడంలో సాయం చేశాను" అని ఉన్నది ఉన్నట్టు రాయండి.

4. ఇప్పుడు లెటర్ రాయండి

ఒక పేజీ దాటకూడదు, మూడు నాలుగు చిన్న పేరాలు చాలు. ఏ భాషలో ప్రకటన ఉంటే ఆ భాషలోనే రాయండి. మొదటి వాక్యంలో ఏ ఉద్యోగం, ఎంత అనుభవం అన్నది తేల్చేయండి. కింద ఒక నమూనా ఇస్తున్నాను, దీన్ని ఎత్తిరాసుకోకుండా మీ సంఘటనతో నింపుకోండి.

"డాక్టర్ గారికి నమస్కారం.

మీ పిల్లల దంత వైద్యశాలలో డెంటల్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. రెండేళ్లుగా ఇద్దరు డాక్టర్లున్న క్లినిక్‌లో చైర్ దగ్గర సాయం, స్టెరిలైజేషన్ చూస్తున్నాను.

భయపడే పిల్లలతో పని ఎక్కువని మీ ప్రకటనలో చదివాను. మా క్లినిక్‌లో నోరు తెరవనన్న ఆరేళ్ల పిల్లవాడికి ముందు సక్షన్ గొట్టాన్ని అరచేతికి ఆనించి చూపించాను. తర్వాత గ్లాసులో నీళ్లు పీల్పించాను. మూడోసారి గొట్టాన్ని వాడే నోట్లో పెట్టుకున్నాడు. ఆరోజే ఫిల్లింగ్ పూర్తయింది.

ట్రేలు సిద్ధం చేయడం, ఫిల్లింగ్ మెటీరియల్స్ కలపడం, ఆటోక్లేవ్ రికార్డు నా పనులు. రబ్బర్ డ్యామ్ మా దగ్గర తక్కువగా వాడతారు, అందులో ఇంకా చేయి తిరగాలి.

ఉదయం పూట ఎప్పుడైనా వచ్చి కలవగలను. నా నంబరు పైన ఇచ్చాను."

రబ్బర్ డ్యామ్ (చికిత్స చేసే పన్ను చుట్టూ బిగించే పల్చటి రబ్బరు తెర) వాక్యం చూసి "మన లోపం మనమే చెప్పుకోవడమా?" అని కొందరు అడుగుతారు. చేరిన వారంలో ఎలాగూ బయటపడేదాన్ని ముందే చెబితే, మిగతావన్నీ నిజమేనని నమ్మకం కలుగుతుంది. అయితే ప్రకటనలో తప్పనిసరి అన్నదాన్నే రాదని చెప్పుకుంటే మాత్రం ఉద్యోగం రాదు.

5. అనుభవం లేకపోతే

కోర్సులో భాగంగా క్లినిక్‌కి వెళ్లిన రోజులు కూడా అనుభవమే. ఎన్ని గంటలు, ఎలాంటి చికిత్సలకు పక్కన ఉన్నారో రాయండి. అదీ లేకపోతే వేరే పని నుంచి తీసుకోండి: హోటల్ వంటగదిలో పచ్చి మాంసం కత్తి, కూరగాయల కత్తి కలవకుండా చూసినవాళ్లకు శుభ్రమైనది, వాడినది వేరుగా ఉంచడం కొత్త కాదు. హెపటైటిస్ బి టీకా వేయించుకుని ఉంటే, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) శిక్షణ ఉంటే ఒక ముక్కలో చెప్పండి.

6. వదిలేయాల్సినవి

పాత యజమాని మీద ఫిర్యాదు ఎంత న్యాయమైనదైనా లెటర్‌లో వద్దు. ప్రకటనలో అడగకపోతే జీతం మాట ఎత్తకండి. "చిన్నప్పటి నుంచీ పళ్లంటే ఇష్టం" లాంటివి నవ్వు తెప్పిస్తాయి.

7. పంపేముందు

బయటకు చదవండి, నాలుక తడబడ్డచోట వాక్యాన్ని విరవండి. వేరే క్లినిక్‌కి రాసిన లెటర్‌ను మార్చి పంపుతుంటే పాత డాక్టర్ పేరు ఎక్కడా మిగల్లేదని చూసుకోండి. ఈ పొరపాటు అనుకున్నదానికంటే తరచుగా జరుగుతుంది. పీడీఎఫ్‌గా మార్చి, ఫైలుకు మీ పేరు పెట్టండి.

ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఇంటర్వ్యూకి పిలిస్తే ముందు అడిగేది మీరు రాసిన ఆ సంఘటన గురించే. కొన్ని క్లినిక్‌లు మాటలతో సరిపెట్టుకోకుండా ఒక పూట చైర్ దగ్గర పని చేయించి చూస్తాయి. అందుకే వెళ్లేముందు రోజు రాత్రి లెటర్ మరోసారి చదువుకుని, అందులో మీకు వచ్చని రాసిన ప్రతి పనినీ మొదటి నుంచి చివరి దాకా మనసులో ఒకసారి చేసి చూసుకోండి.